సాక్ష్యంలో చెప్పని బిళ్ళ

నేను రిటైరైన నెల రోజులకి, మా పాత సెంటరులో కొత్తగా చేరిన నర్సమ్మాయిలు ఇద్దరు మా ఇంటికొచ్చారు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఫోన్లు బయటికి తీసి, మేడమ్, మీ ఫీల్డు అనుభవం ఒక పది పాయింట్లలో చెప్తే రాసుకుంటాం అన్నారు. పది పాయింట్లలో పట్టేదైతే ఇరవై ఆరేళ్ళు ఎండన పడి ఎందుకు తిరుగుతాను తల్లీ, ఆ పదీ బట్టీ పట్టి ఫ్యాను కింద కూర్చునేదాన్ని కదా అని నవ్వి, టీ ఇచ్చి పంపేశాను. వాళ్ళు గేటు దాటాక మనసు ఊరుకోలేదు. పాపం, నేను చేరినప్పుడు నాకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. పాయింట్లు మాత్రం ఉండవు.

నా పేరు రాజకుమారి. ఆ పేరు పెట్టినప్పుడు మా నాన్న ఏం ఊహించుకున్నాడో గానీ, నా ఉద్యోగమంతా కోల్డ్ స్టోరేజీల వెనకా, ఆగిన లారీల నీడనా గడిచింది. నల్లమందు జాతి మందులకి అలవాటుపడి బయటికి రాలేకపోతున్నవాళ్ళని వెతికి పట్టుకుని, సెంటరుకి రప్పించి, వైద్యం అందేలా చూడటం నా పని. మొదట గుంటూరులో, తర్వాత ఒంగోలులో. నల్లమందంటే సినిమాల్లో చూపించే చీకటి గదీ, పొగా అనుకోకండి. మన దగ్గర అది నొప్పి బిళ్ళ, దగ్గు మందు, ఇంజెక్షను. వేసుకునేవాడు మీ వీధిలోనే ఉంటాడు, మీకు నమస్కారం కూడా పెడతాడు.

మిరపకాయకి ఆవలింత రాదు

మిర్చి సీజన్లో ముఠా కూలీ, అంటే గుంపుగా బరువులు మోసే హమాలీ, రోజంతా టిక్కీలు మోస్తాడు. టిక్కీ అంటే ఎండుమిరపకాయలు కుక్కి కుట్టిన గోతం. పొద్దున లారీలోంచి దించాలి, సాయంత్రం ఇంకో లారీకి ఎక్కించాలి. నడుం పట్టేస్తుంది. పక్కవాడు జాలిపడి ఒక బిళ్ళ ఇస్తాడు. నొప్పి పోతుంది, పైగా ఇంకో పాతిక టిక్కీలు మోసే ఓపిక వస్తుంది. మత్తు కోసమని మొదలెట్టినవాళ్ళు నాకు తక్కువ తగిలారు, బరువు కోసం మొదలెట్టినవాళ్ళే ఎక్కువ. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ బిళ్ళ లేకపోతే మంచం దిగలేడు. ఒళ్ళంతా పీకుతుంది, కడుపు జారిపోతుంది, కళ్ళూ ముక్కూ కారతాయి, ఒకటే తుమ్ములు.

చేరిన మొదటి వారం ఈ లక్షణాలన్నీ వల్లె వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి బయల్దేరాను. ఏం చెప్పమంటారు. లోపల అడుగు పెడితే కనిపించిన ప్రతి మనిషికీ కళ్ళూ ముక్కూ కారుతున్నాయి. ఒక కమీషను కొట్టు గుమాస్తాగారు, పెద్దాయన, స్తంభానికి ఆనుకుని వరసపెట్టి తుమ్ముతున్నారు. అయ్యో పాపమనిపించింది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యివేసి, ఎన్నాళ్ళ నుంచి బాబాయ్ ఇది అని మెల్లగా అడిగాను. ఆయన తువాలుతో ముక్కు తుడుచుకుని, నలభై ఏళ్ళయిందమ్మా, యార్డులో చేరిన రోజు నుంచీ ఇంతే అన్నారు. నేను ఇంకా కరిగిపోయి, దీనికి వైద్యం ఉంది బాబాయ్, సిగ్గుపడొద్దు అన్నాను. మిరప ఘాటుకి కూడా వైద్యం ఉందా అని ఆయన ఆశగా అడిగేదాకా నాకు వెలగలేదు. ఆ తర్వాత వారం రోజులు, నేను కనిపిస్తే చాలు, కూలీలంతా కావాలని తుమ్మేవాళ్ళు.

మా డాక్టరు శాస్త్రిగారికి ఇది చెప్తే కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుని మరీ నవ్వారు. తర్వాత నేర్పించారు. మిరపకాయకి తుమ్ము వస్తుంది గానీ ఆవలింత రాదు రాజకుమారీ, ఆవలింతలు చూడు, కంటిపాప పెద్దదయిందేమో చూడు, మిట్టమధ్యాహ్నం ఒంటిమీద రోమాలు లేచి ఉన్నాయేమో చూడు అన్నారు. ఏ ట్రైనింగులోనూ ఇంత మంచి పాఠం నేను వినలేదు. ఇంకో సంగతేమిటంటే, నన్ను చూసి తుమ్మినవాళ్ళే తర్వాత నాతో మాట కలిపారు. మనల్ని చూసి నాలుగు రోజులు నవ్వుకున్న మనిషికి మనమంటే భయం పోతుంది. కాబట్టి నవ్వులపాలవడానికి వెనకాడకండి, అమ్మాయిలూ.

మధ్యలో కొన్నాళ్ళు మాకు ఒక ఆఫీసరుగారు ఉండేవారు, ఆయనకి ర్యాలీలంటే ప్రాణం. స్కూలు పిల్లల చేతులకి అట్టలిచ్చి, మత్తు వద్దు అని అరిపిస్తూ ఊరంతా తిప్పేవారు. ర్యాలీ టీకొట్టు ముందు నుంచి వెళ్ళేది. అక్కడ బెంచీ మీద కూర్చున్న మా వాళ్ళు లేచి నిలబడి భక్తిగా చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎవరూ సెంటరుకి రాలేదు. నా మాట అడిగితే, ఆ ఎండలో పిల్లల్ని తిప్పడం కంటే ఆ బెంచీ మీద మీరొక గంట కూర్చోవడం నయం. తెల్లకోటు ఇంట్లో వదిలేసి వెళ్ళండి.

పది నిమిషాలు

మా వైద్యం గురించి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. సెంటరుకొచ్చిన మనిషికి రోజూ ఒక బిళ్ళ ఇస్తాం. అదీ ఆ జాతి మందే, కాకపోతే మనిషిని పడగొట్టదు, నిలబెడుతుంది. ఒళ్ళు పీకుడు ఉండదు, పాత మందు మీదికి మనసు పోదు, పని చేసుకోగలడు. దాన్ని పొడి చేసి మా చేత్తోనే నాలుక కింద వేస్తాం. కరిగేదాకా పది నిమిషాలు మింగకూడదు, మాట్లాడకూడదు, మా కళ్ళెదుటే కూర్చోవాలి. మా ఆయన ముప్పై ఏళ్ళలో నాకివ్వని పది నిమిషాలు ఆ మగాళ్ళు రోజూ ఇచ్చేవాళ్ళు. నేను ఊరుకుంటానా. సినిమాలు, రాజకీయం, మా అత్తగారు, ఏదీ వదల్లేదు. మీ సెంటరులో బిళ్ళ కంటే మీ కబుర్లే ఎక్కువ పవరండీ, తట్టుకోలేకపోతున్నాం అని ఒకడు నోరు తెరవగానే మొరపెట్టుకున్నాడు.

అలా నోరు మూసుకుని నా మాటలు విన్నవాళ్ళలో జకరయ్య ఒకడు. ఒంగోలుకి దగ్గర్లోనే పల్లె. నలభై దాటిన మనిషి, ముఠాలో మొనగాడని పేరు. బిళ్ళలతో మొదలై ఇంజెక్షన్ల దాకా పోయాడు. భార్య మార్తమ్మ కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పనిలో ఉండేది, ఆమే నన్ను టీకొట్టు దగ్గర పట్టుకుని, ఒకసారి మా ఇంటికి రండి సిస్టరమ్మా అంది. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ అతను దొడ్డిదారిన పోయాడు. నాలుగోసారి దొడ్డిదారిలోనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. నన్ను దాటలేక నవ్వేశాడు. ఆ మర్నాడు సెంటరుకి వచ్చాడు.

ఏడాది తిరిగేసరికి మనిషి మనిషయ్యాడు. బరువులు మానేసి టిక్కీల మూతులు కుట్టే పనిలోకి మారాడు. వాళ్ళ చర్చిలో ఒకప్పుడు డోలక్ వాయించేవాడట, అలవాటు ముదిరాక వద్దన్నారు. మళ్ళీ ఆ డోలక్ అతని ఒళ్ళోకి వచ్చింది. ఆ చర్చి మాదే కూడాను. మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట. అతను తాళం వేస్తుంటే మార్తమ్మ పాడటం మానేసి అతన్నే చూస్తూ ఉండేది. నేను వాళ్ళిద్దర్నీ చూస్తూ, ఇది నా ఘనతే అనుకునేదాన్ని. పాపిష్టి బుద్ధి అక్కడే పుట్టింది.

నా ఘనకార్యం

మా చర్చిల్లో సాక్ష్యం చెప్పడమని ఒకటుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆదివారం ఆరాధనలో, ప్రసంగానికి ముందు, ఎవరైనా లేచి దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందూ చెప్తారు. జబ్బు తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, తాగుడు మానినవాళ్ళు. జకరయ్య చేత సాక్ష్యం చెప్పించాలని నాకు బుద్ధి పుట్టింది. అతనికి ఇష్టం లేదు. నేనే వెంటబడ్డాను. బిళ్ళ కరిగే పది నిమిషాల్లో వారం రోజులు అదే పోరు పెట్టాను, పాపం నోరు తెరిచి వద్దనడానికి కూడా లేదు.

చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, ఆడవాళ్ళ వైపు కొంగులు తడిసిపోయాయి. చచ్చిన శవంలా పడి ఉన్నానండి, దేవుడు నన్ను పూర్తిగా విడిపించాడండి, ఇప్పుడు నాకు ఏ మందూ అక్కర్లేదండి అన్నాడు. ఆ ఆఖరి మాట నేను విన్నాను. నిజం కాదని తెలుసు. రోజూ పొద్దున నా చేత్తో నేనే వేస్తున్నాను కదా బిళ్ళ. కానీ అందరూ చప్పట్లు కొడుతున్నారు, మా పాస్టరు అయ్యగారు కళ్ళు తుడుచుకుంటున్నారు, పక్కావిడ నా చెయ్యి పట్టుకుని నీ కష్టమేనమ్మా అంటోంది. ఇంత సంబరంలో బిళ్ళ సంగతి ఎందుకులే అనుకున్నాను.

తర్వాత అతని సాక్ష్యానికి గిరాకీ పెరిగింది. కొత్తపట్నం పిలిచారు, పొదిలిలో ఉజ్జీవ సభలకి, అంటే భక్తిని రగిలించే కూటాలకి, పిలిచారు. ఎక్కడికి వెళ్ళినా అదే మాట చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ ఆ మాట గట్టిపడింది. ఒక ఆదివారం మా సంఘపెద్ద దేవదాసుగారు, రిటైరైన టీచరు, చెడ్డమనిషేం కాదు, అతన్ని పక్కకి పిలిచి అడిగారట. విడుదల పొందినవాడివి, ఇంకా ఆ నర్సమ్మ దగ్గరికి బిళ్ళకి వెళ్తున్నావంట, నిజమేనా అని. మర్నాటి నుంచి జకరయ్య సెంటరుకి రావడం మానేశాడు.

మూడు రోజులు రాకపోతే ఇంటికెళ్ళి చూడాలని మా రూలు. ఆ రూలు నేనే అందరికీ నేర్పాను. నేను వెళ్ళలేదు. సభలకి తిరుగుతున్నాడు కాబోలు, రాగానే వస్తాడులే అనుకున్నాను. పైగా మా జకరయ్య ఇప్పుడు పొదిలి దాకా పాకాడు అని సెంటరులో గొప్పలు చెప్పుకున్నాను. అమ్మాయిలూ, రాని మనిషి బాగున్నాడని అనుకోవడమే మన ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మార్తమ్మ ఫోను. షెడ్డు వెనక పడి ఉన్నాడు, పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి ఎప్పుడో ఒకసారి వస్తోంది అంది. బిళ్ళ మానేశాక ఒళ్ళు పీకుడు తట్టుకోలేక పాత ఇంజెక్షను మీద పడ్డాడు, అదీ పాత మోతాదులోనే. ఏడాదిపైగా దూరంగా ఉన్న ఒళ్ళు దాన్ని మొయ్యలేదు. ఇలాంటప్పుడే మనుషులు చచ్చిపోతారు. పక్కనున్నవాళ్ళ చేత 108కి ఫోను చేయించి, మార్తమ్మని లైన్లోనే ఉంచి, వెల్లకిలా తిప్పు, గడ్డం పైకెత్తు, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊదు అన్నాను. అంబులెన్సు వచ్చేదాకా ఆమె ఊదుతూనే ఉంది. మిరప చేతులతో మొహం పట్టుకుంటే అతనికి మండుతుందని, ఆ కంగారులో కూడా చేతులకి కొంగు చుట్టుకుందట. అది తర్వాత విని నేను సెంటరు వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షను ఇచ్చారు. బతికాడు.

గోడ వైపు తిరిగిన మనిషి

అప్పటికి ఒంగోలు సెంటరుకే బదిలీ అయి వచ్చిన శాస్త్రిగారు నన్ను తిట్టలేదు. వైద్యం అయిపోయిందని అతనికి ఎవరు చెప్పారు అని అడిగారు. ఎవరూ చెప్పలేదండీ అన్నాను. పోనీ, అవలేదని ఎవరు చెప్పారు అన్నారు. తిట్టినా బాగుండేది.

జకరయ్య ఇంటికి వెళ్ళాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పట్లో వణుకుతున్నాడు. ఇలాగే వదిలేస్తే మళ్ళీ సూది దగ్గరికే పోతాడు, ఈసారి మార్తమ్మ పక్కన ఉండకపోవచ్చు. సెంటరుకి రా జకరయ్యా, మళ్ళీ చిన్న మోతాదుతో మొదలెడదాం అన్నాను. బతిమాలాను, కోప్పడ్డాను, స్టూలు తెచ్చుకుని వాకిట్లో కూర్చుంటానని బెదిరించాను. గోడతోనే మాట్లాడినట్టు అన్నాడు.

"పదూళ్ళలో చెప్పానమ్మా దేవుడు విడిపించాడని. ఇప్పుడు నేను బిళ్ళ ఏసుకుంటే దేవుడు అబద్ధమాడినట్టు అవుద్ది."

చావడానికైనా సిద్ధపడ్డాడు గానీ దేవుడికి మాట రాకూడదంటున్నాడు. ఆ సాక్ష్యం రాసిపెట్టినంత పని చేసింది నేను. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఆదివారం

శనివారం అయ్యగారి దగ్గరికి వెళ్ళి, రేపు సాక్ష్యం చెప్పుకుంటానని అడిగాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. మా అమ్మాయికి సంబంధం కుదిరిందేమో అనుకున్నారట.

లేచి నిలబడ్డాను. గొప్పగా మాట్లాడదామని తయారయ్యాను గానీ ఏదీ గుర్తు రాలేదు. నేను తప్పు చేశానండీ అని మొదలెట్టాను. జకరయ్య చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం కాదు, అది నిజం కాదని తెలిసి కూడా ఇదే వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను, అందువల్ల మార్తమ్మకి మొగుడు లేకుండా పోయేవాడు అన్నాను. దేవదాసుగారు నేల చూపులు చూస్తున్నారు.

తర్వాత, నాకు షుగరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, రోజూ బిళ్ళ వేసుకుంటాను, నీకింకా విడుదల రాలేదా అని నన్నెవరూ పక్కకి పిలిచి అడగలేదు, మరి జకరయ్యని ఎందుకు అడిగాం అన్నాను. ఇక్కడ రోజూ బిళ్ళ వేసుకునేవాళ్ళు, బీపీకో, షుగరుకో, థైరాయిడుకో, గుండెకో, ఒకసారి చెయ్యెత్తండి అన్నాను.

ఒక్క చెయ్యి లేవలేదు. మనవాళ్ళ సంగతి తెలుసుగా, ఆసుపత్రి వరండాలో రోగాలన్నీ ఏకరువు పెడతారు, చర్చిలో మాత్రం అందరూ పహిల్వాన్లే. నా చెయ్యి ఒక్కటే గాల్లో ఉంది. దించేద్దామా అనుకుంటుండగా ఆడవాళ్ళ వైపు ముందు వరసలోంచి అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, తాపీగా చెయ్యెత్తారు. ఎత్తి, వేదిక మీదున్న భర్త వైపు చూసి, మైకు అక్కర్లేనంత గట్టిగా అన్నారు.

"మీరూ ఎత్తండి. పొద్దున బీపీ బిళ్ళ నేనేగా ఇచ్చింది."

చర్చి గొల్లుమంది. అయ్యగారు ఎర్రబడి, నవ్వి, చెయ్యెత్తారు. ఇక చూడండి, వరసలు వరసలుగా లేచాయి చేతులు. దేవదాసుగారిది ఆఖరున లేచింది. అది దించకుండానే ఆయన ఏడుస్తున్నారు. మార్తమ్మ మాత్రం వెనక వరసలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఇదంతా వినాల్సిన మనిషి ఇంటి దగ్గర దుప్పట్లో ఉన్నాడు.

సోమవారం అతను సెంటరుకి రాలేదు. నేను తలుపు వైపు చూసీ చూసీ మెడ నొప్పి తెచ్చుకున్నాను. చర్చిలో నవ్వించినంత మాత్రాన ప్రాణం నిలబడుతుందా, నీ పిచ్చి గానీ అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ రోజే అయ్యగారు వాళ్ళింటికి వెళ్ళారని తర్వాత మార్తమ్మ చెప్పింది. ప్రార్థన చెయ్యలేదట, బైబిలు వాక్యం చదవలేదట. మంచం పట్టె మీద కూర్చుని, దేవుడి మాట నేను చూసుకుంటాను జకరయ్యా, బిళ్ళ మాట నువ్వు చూసుకో అన్నారట. అంతకు మించి ఏమీ మాట్లాడకుండా చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారట. ఒంగోలు వచ్చినప్పటి నుంచీ ఆయన ప్రసంగాలు వింటున్నాను. అన్నిట్లోకీ ఇదే చిన్నది, ఇదే మంచిది. అయ్యగారు ఇది చదివినా నేనేం అనుకోను.

మంగళవారం పొద్దున సెంటరు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నారు ఇద్దరూ. జకరయ్య సగమైపోయాడు. చెంపలు లోపలికి పోయి, ఒకటే ఆవలింతలు. లోపలికి తెచ్చి కూర్చోబెట్టాను. శాస్త్రిగారు చూసి, మోతాదు రాసి, నా వైపు చీటీ జరిపారు. బిళ్ళ పొడి చేస్తూ, నన్ను క్షమించు జకరయ్యా, నా గొప్ప కోసం నిన్ను అక్కడ నిలబెట్టాను అన్నాను. రెండు రోజులుగా కూడబెట్టుకున్న మాట, చెప్పేసరికి ఇంతే వచ్చింది.

అతని నాలుక కింద పొడి వెయ్యబోతే తల వెనక్కి జరిపాడు.

"సిస్టరమ్మా, మీ షుగరు బిళ్ళ ఏసుకున్నారా పొద్దున?"

వేసుకోలేదు. శనివారం నుంచీ వేసుకోలేదు. ఈ గొడవలో నాకు నేనే గుర్తులేను. వేసుకున్నానని అనబోయాను, కానీ ఆ మనిషి దగ్గర ఇంకో అబద్ధానికి నోరు రాలేదు. లేదన్నాను.

"అయితే ముందు మీరు ఏసుకోండి. మీకేమన్నా అయితే నేనెవరి దగ్గరికి రావాల?"

మార్తమ్మ లేచి, మంచినీళ్ళ సీసా మూత తీసి, నా చేతికిచ్చింది.